త్రినాథరావుగారి జపాన్ గుర్రం

రండి రండి, హారతి అయిపోయింది. ఇంక గుమ్మం దగ్గర నిలబడి చెప్పుల మీద ఓ కన్నేసి ఉంచక్కర్లేదు, అవి స్వామి చూసుకుంటాడు. ముందుకు జరగండి. ఆ స్తంభం పక్కనున్న అమ్మా, మీరు లోపలికి రండి, అక్కడికి ఫ్యాను గాలి రాదు. పులిహోర ఇంకా కలుపుతున్నారు, కలిపేలోపు ఒక కథ అయిపోతుంది. కథ ఎవరిదో కాదు, మన రుఆబాంధా సెక్టారు త్రినాథరావుగారిదే. ఆయన ఇవాళ రాలేదని ధైర్యం చేసి చెప్పడం లేదు. ఎదురుగా కూచున్నా ఇలాగే చెప్పేది, ఆయనే నాలుగు ముక్కలు అందించేవాడు కూడా.

త్రినాథరావుది ఆమదాలవలస దగ్గర పల్లె. ఇరవై రెండో ఏట భిలాయి వచ్చి, రైలు పట్టాలు చేసే మిల్లులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. దేవుడంటే భక్తి, మనుషులంటే ప్రేమ, నిజమంటే మాత్రం కాస్త మొహమాటం. సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి సుపేలాలో బలరాం చాయ్ దుకాణం ముందు బెంచీ మీద ఉంటాడు. ఆ బెంచీ మీద కూచునే ఆయన పులిని చెవి పట్టుకు బయటికి గెంటాడు, వరదలో కొట్టుకుపోతున్న గూడ్సుబండిని భుజంతో ఆపాడు. ఏడాదిగా మాత్రం పులుల్నీ వరదల్నీ వదిలేసి వీడియోగేముల మీద పడ్డాడు.

ఎందుకంటారా? అదే మిల్లులో షిఫ్టు ఇన్‌చార్జిగా చేసిన రమాకాంత్‌గారి అమ్మాయి హరిత, ఇద్దరు స్నేహితుల్ని కలుపుకుని ఓ వీడియోగేము తయారుచేస్తోందని సెక్టారంతా చెప్పుకుంటోంది. లోకమంతా ఒక సంగతి చెప్పుకుంటుంటే అందులో తనకో పాలు లేకుండా ఉండటం త్రినాథరావు వల్ల అయ్యే పని కాదు. "గేములా? జపాన్లో ఆ గొడవంతా సర్దింది నానే కదేటి," అనేశాడు ఓ రోజు. అక్కణ్ణించి రోజుకో ముక్క అతుకుతూ వచ్చాడు.

ఆ మాటలు ఊరికే గాలికి పోతే ఈ కథే లేదు. ఓ శుక్రవారం సాయంత్రం, ఐదు కావస్తుండగా, హరిత స్కూటీ తిన్నగా బెంచీ ముందుకొచ్చి ఆగింది.

బెంచీ మీద త్రినాథరావు పక్కన రామమోహనరావుగారున్నారు. ప్లాంటులో ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి, ఇంగ్లీషు పేపరు మడిచి చంకలో పెట్టుకుంటారు, పేపర్లో లేనిదేదీ నమ్మరు. పొయ్యి వెనక బలరాం. రాజ్‌నందగావ్ వైపువాడు, ముప్పై ఏళ్ళుగా మనవాళ్ళకి చాయ్ పోసీ పోసీ తెలుగు పట్టేశాడు.

"నమస్తే మావయ్యా. మీరు జపాన్ వెళ్ళొచ్చారని అమ్మ చెప్పింది. సచ్చీ?" అంది హరిత.

"వెళ్ళొచ్చీడమేటమ్మా! అక్కడ నా కుర్చీ ఇప్పటికీ అలగే ఉంచీసేరు, ఎవుళ్ళనీ కూచోనివ్వరు."

"అయితే ప్లీజ్ మావయ్యా, మీరే చెప్పాలి. ఆరు గంటల్లోపు జవాబు పంపాలి. లేకపోతే మా ముగ్గురి పని ఖతం."

ఆ పిల్ల కష్టమేమిటో చెప్తాను వినండి. టీవీకి తగిలించి ఆడే ఆటపెట్టె ఉంటుంది, కన్సోల్ అంటారు. పెట్టె చేసేది ఒక కంపెనీ. దానిమీద ఆడే ఆటల్లో చాలామటుకు చేసేది మాత్రం బయటివాళ్ళు, అంటే ఆ కంపెనీ జీతగాళ్ళు కానివాళ్ళు. హరితా, అపర్ణా, మనోజ్‌కుమార్ అలాంటి బయటివాళ్ళు. వాళ్ళ ఆట పేరు 'క్రేన్ దీదీ'. ఎర్రగా కాగిన ఉక్కు నిండిన లేడిల్‌ని, అంటే ఇంత పెద్ద బకెట్‌ని, ఓ క్రేన్ ఆపరేటరమ్మ కింద ఉన్నవాళ్ళ మీద చుక్క ఒలక్కుండా అటునుంచి ఇటు మోసుకురావాలి. మూడేళ్ళు కూచుని చేశారు. ఇప్పుడు జపాన్‌వాళ్ళ హోషి పెట్టె రమ్మంటోంది, అమెరికావాళ్ళ గ్రానైట్ పెట్టె రమ్మంటోంది. రెండింటికీ చెయ్యొచ్చు కదా అంటారేమో, ఒక్కో పెట్టెకీ ఆటని మొత్తం విప్పి మళ్ళీ బిగించాలట. ఉన్నది ముగ్గురు. తప్పు పెట్టె ఎక్కారా, ఏడాది పోతుంది. అప్పటికే మనోజ్‌ని పుణేలో ఓ ఉద్యోగం పిలుస్తోంది, ఏడాది పోతే ముగ్గురూ మూడు దార్లు.

"ఇందులో ఆలోచించేదేముందమ్మా? ఏ పెట్టె ఎక్కువమంది ఇళ్ళల్లో ఉంటే దానికి చెయ్యడమే," అన్నారు రామమోహనరావుగారు.

"అది చూశాం అంకుల్. మా టైపు ఆటలు ఆడేవాళ్ళు రెండుచోట్లా ఇంచుమించు అంతే. కంపెనీ తీసుకునే వాటా కూడా ఇద్దరిదీ ఒకటే. అపర్ణ హోషి అంటుంది, మనోజ్ గ్రానైట్ అంటాడు. మధ్యలో నేను. బయటివాళ్ళు అసలు ఒక పెట్టెని ఎందుకు పట్టుకుంటారు, ఇంకోదాన్ని ఎందుకు వదిలేస్తారు? తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్తే..." అని, హరిత బ్యాగులోంచి ఓ పొడుగాటి పుస్తకం తీసి మోకాళ్ళ మీద పెట్టుకుంది. "చెప్పండి మావయ్యా, రాసుకుంటాను."

త్రినాథరావు జన్మలో ఆయన మాట ఎవరూ రాసుకోలేదు.

"ఇదిగో బలరాం, ఆ స్టవ్ తగ్గించు, దాని చప్పుడుకి జపాన్ వినపడదు," అని మొదలుపెట్టాడు.

"మొదట్లో ఇది చాలా చిన్న సంగతమ్మా. తొంభై మూడులో మన వినాయక చవితి పందిట్లో పిల్లగుంటల కోసమని ఓ టీవీ పెట్టి, కేసెట్ పెట్టి ఆడే గేము తగిలించేరు. సరిగ్గా పూజ టైముకి అది ఆగిపోనాది. గుంటలు ఒకటే ఏడుపు. నాను వెళ్ళేను, కేసెట్ తీసేను, ఉఫ్ మని ఒక్క ఊదు ఊదేను, పెట్టీసేను. ఆడీసింది."

"అరే భయ్యా, అట్ల అందరూ ఊదేవాళ్ళు కదా. నేనూ ఊదినాను," అన్నాడు బలరాం.

"నువ్వు ఊదితే చాయ్ చల్లారతాది. నాను ఊదితే ఏటైందో తెల్సా? కేసెట్లో దుమ్మే కాదు, ఆటలో ఉన్న తప్పులన్నీ ఎగిరి పందిరి బయట పడిపోనాయి. అంతవరకు ఏడో మెట్టు దాటనివ్వని ఆట, దానంతటది పదమూడో మెట్టెక్కీసి కూచుంది. ఆ కబురు జపాన్ వెళ్ళిపోనాది."

"ఎలా వెళ్ళింది?" అన్నారు రామమోహనరావుగారు.

"పోస్టుకార్డండి. ఎవులో రాసీసేరు. సరే, రెండువేల ఆరులో మన మిల్లుకి ఓ కొత్త మిషను జపాన్ నుంచి తేవాల. 'త్రినాథరావుని పంపితేనే ఇస్తాం, లేపోతే మిషనూ లేదు, గిషనూ లేదు' అని వాళ్ళు రాసీసేరు. వెళ్ళేను. విమానం దిగి నాలుగడుగులేసేనో లేదో, నడిరోడ్డు మీద ధర్నా! నలబై మంది, అందరికీ కళ్ళజోళ్ళే, ఒళ్ళో కంప్యూటర్లు పెట్టుకుని కూచున్నారు. 'ఏటి బాబూ, బోనస్ ఇవ్వలేదేటి?' అన్నాను."

"ఏ భాషలో?"

"తెలుగులోనండి. విశాఖ పోర్టుకి అక్కణ్ణించి ఎన్ని ఓడలొచ్చేయి, ఆ మాత్రం తెలుగు వాళ్ళకి ఒంటబట్టదా? వాళ్ళేటన్నారంటే, 'అయ్యా, మేం బయటి కంపెనీలోళ్ళం. ఆట మాది, పెట్టె ఈ హోషీవాళ్ళది. కొత్త పెట్టెలో వీళ్ళు ఎనిమిది బుర్రలు పెట్టీసేరు. ఒక బుర్రని కుడికి లాగమంటే రెండోది ఎడమకి లాగతంది, మూడోది నిద్దరోతంది. మా వల్ల కాదు, మేం గ్రానైట్‌కి వెళ్ళిపోతాం' అని గొల్లుమన్నారు."

"ఎనిమిది బుర్రలంటే ప్రాసెసర్ కోర్లు..." అని గొణుక్కుంటూ హరిత గబగబా రాసింది. చెయ్యడానికి కష్టమైన పెట్టెని బయటివాళ్ళు వదిలేసి పోతారన్న మాట ఆమె కూడా ఎక్కడో చదివింది. నిజం లాగే ఉందే అనుకుంది. కలం కదలడం చూసి త్రినాథరావు బెంచీ అంచుకి జరిగాడు. రోడ్డు పక్క ఆటోలవాళ్ళు ఇద్దరు చాయ్ గ్లాసులతో దగ్గరకొచ్చారు.

"నాను లోపలికి వెళ్ళి పెట్టె మూత తీసి చూద్దును కదా, ఎనిమిది బుర్రలూ ఎనిమిది మంది కళాసీల్లాగ గోడకి జేరబడి బీడీలు కాల్చుకుంటన్నాయి. వాటిమీద పెద్దాడు లేడు! కళాసీలకి కేక వేసీవాడు లేపోతే పట్టా కదులుతాదేటి? జేబులోంచి విజిల్ తీసి ఒక్కటి కొట్టి, 'జోర్ లగాకే...' అన్నాను. ఎనిమిదీ లెగిసి..."

"హైస్సా!" అన్నాడు బలరాం, గరిటె పైకెత్తి. ఆటోవాళ్ళు కూడా అన్నారు.

"అద్దీ! అలగే అన్నాయి! ఆ తర్వాత ఏటైందో తెల్సా? ఎంత బలంగా లాగీసేయంటే, అప్పుడు టీవీలో ఆడతన్న ఆటలో ఓ తెల్ల గుర్రం ఉంది, అది తెర చింపుకుని బయటికొచ్చీసింది. నిజం గుర్రం! టోక్యో రోడ్డు మీద పడి బుల్లెట్ రైలుతో పందెం! రైలు వెనకబడిపోనాది, అందులో జనం కిటికీల్లోంచి ఏడుపు. నాను ఊరుకుంటానేటి? చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తి, జూలు పట్టుకుని ఆపి, చెవిలో 'అమ్మా, లోపలికి పో తల్లీ, గుంటలు ఎదురుచూస్తన్నారు' అన్నాను. బుద్ధిగా పోనాది."

"ఆడగుర్రమా?" అన్నారు రామమోహనరావుగారు.

"పరాయి దేశపు గుర్రం అండి, అలగ అడగడం బాగోదు. ఇది చూసి ఆ నాలుగొందల మందీ ధర్నా మానీసి..."

"నలభై అన్నావు."

"మిగిలినోళ్ళు టీకి వెళ్ళేరండి అప్పుడు. అందరూ నా కాళ్ళ మీద పడిపోనారు. నాను మిషను పట్టుకుని ఇంటికొచ్చీసేను. వదిలేరేటి? ఏ పెట్టెకి ఆటలు చెయ్యాలో త్రినాథరావునే అడగాల అని, ప్రపంచంలో ఆటలు చేసే బయటివాళ్ళందరూ ఒకే రైలెక్కి భిలాయి వచ్చీసేరు. రైలంటే రైలేనా? ఇంజను భిలాయి పవర్ హౌస్ స్టేషన్లో ఆగితే గార్డు డబ్బా ఇంకా రాయపూర్ దాటలేదు! ఈ ప్లాట్‌ఫారం మీద హోషి పెట్టె పెట్టేరు, ఆ ప్లాట్‌ఫారం మీద గ్రానైట్ పెట్టె పెట్టేరు. కిటికీల్లోంచి నాలుగు వేల తలకాయలు. 'బాబుగారూ, ఎటు దిగమంటారు?' నా చేతిలో రెండు జెండాలు. పచ్చది ఎటు ఊపితే అటు."

"ఏ ఏడాది మావయ్యా?" అంది హరిత తలెత్తకుండా.

"అది... ఎనిమిదిలోనమ్మా."

"నెల?"

"ఆగస్టు రాయి."

"టైము?"

"సాయంకాలం." రైలు దగ్గర ఆపేసి ఉంటే బాగుండేది అని త్రినాథరావుకి ఒక్క క్షణం అనిపించింది. కానీ అప్పటికి ఆటోవాళ్ళు నలుగురయ్యారు. పళ్ళబండి ఆవిడ బండి వదిలి వచ్చి నిలబడింది. బలరాం పాలు కలపడం మానేసి చూస్తున్నాడు. అంతమంది కళ్ళు తనవైపు తిరిగి ఉంటే, ఆగడం ఆయన వల్ల ఎన్నడైనా అయిందా?

"ఆ తర్వాత ఏటైందో తెల్సా? హోషీవాళ్ళు గడువు పెట్టీసేరు. పొద్దు కుంగీలోపు పేరు రాయించుకుంటే సరి, లేపోతే తలుపు మూసీడమే. ఇంకా మూడు వేల మంది వరసలో ఉన్నారు. పొద్దు చూస్తే వాలిపోతంది. 'ఒక్క అరగంట ఆగండయ్యా' అన్నాను. 'కుదరదు, మాది సూర్యుడి దేశం, ఆయన మొదట లెగిసేది మా దగ్గరే, ఆయన టైము మేం దాటం' అన్నారు. నాకు నవ్వొచ్చీసింది. 'బాబూ, లెగడం మీ దగ్గర లెగుస్తాడేమో గానీ, ఆయన ఇల్లు మా అరసవల్లి. మా ఊరికి కూతవేటు దూరం. మా మనిషి!' అన్నాను. పడమటికి తిరిగి దండం పెట్టి, 'సూర్నారాయణమూర్తీ, నాయనా, నాను త్రినాథాన్ని, ఓ అరగంట' అన్నాను."

పళ్ళబండి ఆవిడ కూడా పడమటికి తిరిగి చూసింది.

"ఆగేడు!"

ఆటోవాళ్ళు ఈలలు వేశారు. రామమోహనరావుగారు పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుకి పేపరు వణుకుతోంది.

"ఆ అరగంటలో మూడు వేల మందీ హోషీలో పేరు రాయించీసుకున్నారు. అందుకేనమ్మా, ఈ రోజుకీ బయటి కంపెనీలన్నీ హోషీనే పట్టుకుంటాయి. ఇంక నువ్వు ఆలోచించకు. హోషి అని రాసీ."

హరిత హోషి అని రాసి, దానికింద గీత గీసింది. మూడు వారాలుగా నిద్రలేని మొహం ఒక్కసారి తేలికైంది. వాచీ చూసుకుంది. ఐదూ పదిహేను. పుస్తకం తిప్పి, కలంతో సహా త్రినాథరావు ముందు పెట్టింది.

"ఇక్కడ సంతకం పెట్టండి మావయ్యా."

"సంతకమెందుకమ్మా? నోటిమాట చాలదేటి?"

"మా రూల్ మావయ్యా. అపర్ణా మనోజ్ దెబ్బలాడుకుంటుంటే నాన్నే ఈ గళ్ళు గీసిచ్చారు. ఎవరైనా ఏదైనా చెప్తే టైము రాయాలి, విషయం రాయాలి, చెప్పినవాళ్ళు సంతకం పెట్టాలి. అప్పుడే అది లెక్కలోకి. పొద్దున్న మీ దగ్గరకు వెళ్తున్నానని చెప్తే నాన్న ఒకటే అన్నారు. 'త్రినాథరావు మాట సంగతి నేను చెప్పలేనమ్మా. సంతకం పెట్టాడంటే మాత్రం మిషన్లో చెయ్యి పెట్టెయ్యొచ్చు,' అన్నారు."

ఆటోవాళ్ళు పుస్తకం మీదికి వంగారు.

త్రినాథరావు పుస్తకం వైపు చూశాడు. ఆ పిల్ల ఇక్కడే పుట్టి పెరిగింది కదా, తెలుగు మాటల్ని హిందీ అక్షరాల్లో రాసింది. గళ్ళు మాత్రం ఆయనకి బాగా తెలిసినవే. మిల్లులో షిఫ్టు మారేటప్పుడు రాసే లాగ్‌బుక్ గళ్ళు. ఏ మిషనుకి కరెంటు తీశాం, దానికింద మనిషి ఎవరున్నారు, ఉన్నవాడు బయటికొచ్చాడా లేదా, దిగిపోయే షిఫ్టువాడు రాసి సంతకం పెడతాడు. ఎక్కే షిఫ్టువాడు ఆ సంతకం చూసుకుని మీట నొక్కుతాడు, లేదా చెయ్యి లోపల పెడతాడు. ముప్పై నాలుగేళ్ళలో త్రినాథరావు బెంచీల మీద ఎన్ని పులుల్ని గెంటాడో లెక్క లేదు. ఆ పుస్తకంలో ఒక్క అబద్ధం రాయలేదు.

"కళ్ళజోడు ఇంట్లో ఉండిపోనాదమ్మా," అన్నాడు నెమ్మదిగా.

"నాది తీసుకో. ఇద్దరిదీ ఒకటే నంబరు," అన్నారు రామమోహనరావుగారు, పేపరు దించి.

"ఈ కలం రాస్తన్నట్టు లేదు."

బలరాం చెవి మీది కలం తీసి ఇచ్చాడు. "రాస్తది భయ్యా. నయా హై."

త్రినాథరావు కళ్ళజోడు పెట్టుకున్నాడు. కలం పట్టుకున్నాడు. మొదటి గడి నుంచి చివరి గడిదాకా చదివాడు. తన మాటే అక్షరాల్లో ఎదురుగా కూచుని ఉంటే ఎంత పొడుగ్గా ఉందో! ఈ పిల్ల మూడేళ్ళ పనీ తీసుకొచ్చి తన సంతకం కింద చెయ్యి పెట్టబోతోంది. దండం పెట్టుకునేవాడిలాగ ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచాడు.

"అమ్మా హరితా, సూర్యుడు... కొట్టీ."

"క్యా?"

"కొట్టీ అమ్మా. ఆయన ఆగలేదు. ఆగమని నాను అడగనూ లేదు."

హరిత కలం అందుకుని గట్టిగా అడ్డదిడ్డంగా గీకబోయింది.

"అలగ కాదు!" ఆయన గొంతులో మిల్లు పలికింది. "మీ నాన్న చెప్పలేదేటి? లాగ్‌బుక్కులో తప్పు రాస్తే చెరపకూడదు, గీకకూడదు. ఒకే ఒక్క గీత. కింద అక్షరాలు కనబడాల. పక్కన నా పొడి సంతకం." తనే గీత గీసి, పక్కన టి.ఆర్. అని పెట్టాడు.

"రైలు?" అంది హరిత.

"రైలూ కొట్టీ." టి.ఆర్.

"జెండాలు?"

"రైలే లేపోతే జెండాలేటి చేసుకుంటావు?" టి.ఆర్.

"గుర్రం?"

త్రినాథరావు కలం పైకెత్తాడు. "గుర్రం ఉంచకూడదేటి?"

"మావయ్యా."

"ఎవులికీ నష్టం లేదు కదమ్మా, అది లోపలికి వెళ్ళిపోనాది కదా..."

"మావయ్యా!"

"సర్లే, కొట్టీ." టి.ఆర్. పళ్ళబండి ఆవిడ "అయ్యో" అంది.

విజిలు పోయింది. ఎనిమిది బుర్రలు ఏదో కుర్రాడి ఫోన్లో విన్న ముక్క, అవీ పోయాయి. ధర్నా, పోస్టుకార్డు పోయాయి.

"జపాన్?" అంది హరిత. ఈసారి గొంతు చిన్నదైంది.

"విశాఖ పోర్టు అని దిద్దు. మిషను దిగింది అక్కడ. చెక్కపెట్టెల మీద జపాన్ అక్షరాలున్నాయి. నాను పెట్టెలు విప్పేను." కాస్త ఆగి, "రెండు పెట్టెలు తలకిందులుగా విప్పేను," అన్నాడు. లాగ్‌బుక్ లాగ్‌బుక్కే కదా.

"కేసెట్ ఊదింది?"

"అది నిజం. ఆడింది కూడా నిజమే. పావుగంట. తర్వాత కాలిపోనాది."

తొమ్మిది గీతలు, తొమ్మిది పొడి సంతకాలు. కింద ఒక్కటీ చెరగలేదు, గుర్రంతో సహా అన్నీ చక్కగా కనబడుతున్నాయి. హరిత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఐదూ ఇరవై ఐదు.

"మరి నేనేం చెయ్యాలి మావయ్యా? హోషీనా, గ్రానైటా?"

ఆటోవాళ్ళు నలుగురూ, పళ్ళబండి ఆవిడా, బలరామూ, రామమోహనరావుగారూ అందరూ చూస్తుండగా త్రినాథరావు అన్నాడు: "నాకు తెలీదమ్మా."

ఆ బెంచీ మీద ఆ మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. బలరాం పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి, ఎవరూ తిరిగి చూడలేదు.

"నాకు తెల్సింది ఒకటుంది. దానికి సంతకం పెడతాను. రాస్తావేటి?" అన్నాడు. హరిత తల ఊపింది.

"మా మిల్లులో రెండు విదేశీ మిషన్లుండేవి, చెరో కంపెనీవి. రెండూ మంచివే. ఓ ఆదివారం రెండూ మొరాయించేయి. ఒక కంపెనీకి ఫోన్ చేస్తే మనిషి పలికేడు. 'ఏ చప్పుడొస్తంది, నూనె ఏ రంగులో ఉంది' అని అడిగి అడిగి, సాయంకాలానికి నడిపించీసేడు. రెండో కంపెనీ లావుపాటి పుస్తకం పంపింది, పదో రోజుకి. తర్వాత ఇంకో మిషను కొనాల్సొచ్చినప్పుడు పెద్దసారు మా కళాసీల్ని అడిగేరు. అందరం ఒకే కంపెనీ పేరు చెప్పేం. అంతేనమ్మా. మీ బయటివాళ్ళు పెట్టెని ఎలగ ఎంచుకుంటారో నాకు తెలీదు. మేం అలగ ఎంచుకున్నాం." దానికింద పొడి సంతకం కాదు, పూర్తి సంతకం పెట్టాడు, తేదీతో.

హరిత ఆ గడి మళ్ళీ ఒకసారి చదివింది. తర్వాత ఫోన్ తీసింది. రెండు కంపెనీల ఉత్తరాల్లోనూ అడుగున సాయం కోసమని ఓ నంబరుంది. అంతవరకు ముగ్గురిలో ఎవరికీ దానికి ఫోన్ చెయ్యాలని తోచలేదు. అడగడానికి నిజమైన తంటా ఒకటుండనే ఉంది. లేడిల్ వంచినప్పుడల్లా ఉక్కు ధార అర సెకను ఆగి ఆగి పడుతోంది, నెలరోజులుగా అదే గోల.

ముందు హోషికి చేసింది. సంగీతం వచ్చింది. మళ్ళీ సంగీతం వచ్చింది. మీ ప్రశ్న రాసి పంపండి, పద్నాలుగు పనిదినాల్లో చూస్తాం అని మిషను గొంతు చెప్పి పెట్టేసింది. గ్రానైట్‌కి చేసింది. నిద్రగొంతుతో ఓ ఆడమనిషి పలికింది. నాలుగు ప్రశ్నలు వేసింది. ఆ ధార పడే ప్రోగ్రాము ముక్క మాత్రం పంపు అంది. హరిత బెంచీ మీదే లాప్‌టాప్ తెరిచి పంపింది. పది నిమిషాలకి జవాబొచ్చింది: ఈ రెండు లైన్లు కిందా మీదా చేసి చూడమ్మా అని. చేసింది.

తెరమీద క్రేన్ దీదీ మీట లాగింది. లేడిల్ వంగింది. ఎర్రటి ధార ఎక్కడా తెగకుండా, నెయ్యి పోసినట్టు, జారింది.

"హైస్సా!" అన్నాడు బలరాం, చిన్నగా.

హరిత ముందు హోషి పట్టుపట్టిన అపర్ణకి వీడియో పంపింది. అవతల్నుంచి రెండు నిమిషాలకి "ఠీక్ హై" అని ఒక్క ముక్క. ఐదూ యాభై రెండుకి గ్రానైట్‌కి సరే అని జవాబు వెళ్ళింది. పుస్తకంలో హోషి మీద హరిత కూడా ఒక్క గీతే గీసింది, కింద అక్షరాలు కనబడేలాగ. పక్కన తన పొడి సంతకం పెట్టింది. లేచి వంగి త్రినాథరావు కాళ్ళకి దండం పెట్టి, స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది. ఆట ఇంకో మూడు నెలల్లో ఆ పెట్టె మీదికి ఎక్కుతుందిట. బాగా ఆడుతుందో లేదో స్వామికే తెలియాలి. ముగ్గురూ అయితే ఇంకా ఒక్కచోటే ఉన్నారు, పుణే వెళ్ళలేదు.

త్రినాథరావు మర్నాడు దుకాణానికి రాడేమో అనుకున్నారంతా. వచ్చాడు. నాలుగున్నరకే వచ్చాడు. గ్లాసు అందుకుని, గొంతు సవరించుకుని, "నిన్న ఓ గుంట కోసం పుస్తకంలో నలబై అబద్ధాలు కొట్టీసేను..." అని మొదలెట్టాడు.

"నౌ, భయ్యా. తొమ్మిదే," అన్నాడు బలరాం. "నేను లెక్క పెట్టినాను."

త్రినాథరావు ఒక్క గుక్క తాగాడు. "తొమ్మిదే," అన్నాడు.

అదిగో, పులిహోర వాసన వచ్చేసింది. లేవకండి, ఒక్క మాట. ఈ కథలో గుర్రాన్ని మీరెలాగూ మర్చిపోరు, ఇంటికెళ్ళి పిల్లలకి చెప్తారు, చెప్పండి, బాగుంటుంది. కానీ నా కోసం ఇంకొకటి గుర్తుపెట్టుకోండి: అంతమంది చూస్తుండగా ఆ మనిషి తన మాట మీద తనే ఒక్క గీత గీసి, పక్కన తన పేరు పెట్టాడు. ఇవాళ పొద్దుట్నుంచి మీరు అన్న మాటల్లో అలాంటిది ఒకటి లేకపోదు. పడుకునేముందు ఎవరితో అన్నారో వాళ్ళ దగ్గరికే వెళ్ళి, దాన్ని కొట్టెయ్యండి. ఒక్కటి చాలు. ఏదీ, దొన్నెలు ఇటు అందించండి, ముందు పిల్లలకి.